ఎగరాలంటే ముందు వంపు కావాలి

స్కేట్‌బోర్డు అంటే నాలుగు చిన్న చక్రాలు బిగించిన రెండున్నర అడుగుల పలక. దాని మీద నిలబడి ఒక పిల్లవాడు వంపు తిరిగిన గోడ మీదికి దూసుకుపోయి, గోడ అంచు దాటి గాలిలోకి లేచి, అక్కడ గిరగిరా తిరిగి, మళ్లీ అదే గోడ మీదికి జారుకుంటూ దిగే దృశ్యం ఇవాళ మన పల్లెల్లో కూడా ఫోన్లలో కనిపిస్తున్నది. చూసినవాళ్లు రెండు మాటలంటారు. అది ప్రాణాలకు తెగించినవాళ్ల పని అంటారు, లేకపోతే పెద్ద నగరాల్లో డబ్బున్న ఇళ్ల పిల్లల సరదా అంటారు. రెండూ సరైనవి కావని నా అభిప్రాయం. ఆ ఎగురుడులో ధైర్యం వాటా ఉంది, కానీ పెద్ద వాటా వంపుది. వంపు సరిగ్గా కుదిరిన చోట మామూలు పిల్లలు ఎగురుతారు. వంపు లేని చోట ఎంత ధైర్యవంతుడైనా నేల మీదే ఉంటాడు. ఇది నిజమైతే, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఇలాంటి ఆటగాళ్లు ఎందుకు లేరన్న ప్రశ్నకు జవాబు మన పిల్లల్లో వెతకనక్కర లేదు. మన ఊళ్లలో మనం ఏం కట్టాం, ఏం కట్టలేదు అన్న దగ్గర వెతకాలి.

ముందు ఆ ఎత్తు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ర్యాంపు అంటే ఎదురెదురుగా రెండు వంపు గోడలు, మధ్యలో కొంచెం చదును నేల. గోడ అడుగున నేలతో కలిసిపోయి, పైకి పోయిన కొద్దీ నిలువవుతూ, పెద్ద ర్యాంపుల్లో చివరకు పూర్తిగా నిటారుగా నిలుస్తుంది. ఒక గోడ మీంచి జారిన పలక రెండో గోడ మీద ఇంచుమించు అంతే ఎత్తుకు పోతుంది. రాపిడి వల్ల కొంత తగ్గుతుంది కూడా. మరి అంచు దాటి పైకి లేవడానికి అదనపు బలం ఎవరిస్తారు? కాలితో నేలను తన్నడానికి అక్కడ వీలులేదు. బలమంతా మోకాళ్లలోంచి వస్తుంది. చదును నేల మీద పోతున్నప్పుడు ఆటగాడు కుంగి కూర్చుంటాడు, వంపులోకి ప్రవేశించగానే కాళ్లు చాపి లేస్తాడు. వంపులో శరీరాన్ని కిందికి అదిమే ఒత్తిడికి ఎదురుగా లేస్తాడు కాబట్టి ఆ శ్రమంతా వేగంగా మారుతుంది. ఊయల మీద నిలబడి ఊగే ఆడపిల్ల కూడా సరిగ్గా ఇదే చేస్తుంది: ఊపు అడుగుకు వచ్చినప్పుడు లేస్తుంది, కొసకు పోయినప్పుడు కుంగుతుంది, ఎవరూ తోయకుండానే చెట్టుకొమ్మ దాకా పోతుంది. నాలుగైదు సార్లు ఇటూ అటూ తిరిగేసరికి ర్యాంపు మీది ఆటగాడికి అంచు దాటే వేగం సమకూరుతుంది. ఇందులో తెగింపు కన్నా లయ ముఖ్యం. సమయం తప్పి లేచినవాడికి ఎంత కండబలమున్నా ఎత్తు రాదు.

ఇక గాలిలో సంగతి. అంచు పైన ఆరడుగులు లేవాలంటే అంచు వదిలే క్షణానికి గంటకు ఇరవై రెండు కిలోమీటర్ల దాకా వేగం ఉండాలి. అలా లేచినవాడు మళ్లీ అంచును చేరడానికి పట్టే సమయం ఒక సెకనుకు కాస్త ఎక్కువ, అంతే. చూసేవారికి అతను గాలిలో ఆగిపోయినట్టు అనిపిస్తుంది గాని, అతని చేతిలో ఉన్నది ఆ ఒక్క సెకనే. ఆ సెకనులో ఎంత తిరగాలన్నది గాలిలో నిర్ణయించుకోలేడు. తల, భుజాలు అంచు మీద ఉండగానే తిప్పి, తిరుగుడును వెంట తీసుకుని పోవాలి. గాలిలో ఆనుకోవడానికి ఏమీ లేదు కాబట్టి కొత్తగా తిరుగుడు పుట్టదు. ఒళ్లు ముడుచుకుంటే ఉన్నది వేగమవుతుంది, చేతులు చాపితే నెమ్మదిస్తుంది. పలక కాళ్లకు అంటుకుని ఎలా ఉంటుందని చాలామందికి సందేహం. మనిషీ పలకా ఒకే వేగంతో బయలుదేరి ఒకే దారిలో పోతాయి కాబట్టి, వాటిని కలిపి ఉంచడానికి ఒక చేతి పట్టు చాలు. అసలు విశేషమంతా దిగేటప్పుడు ఉంది. ఆరడుగుల ప్రహరీ మీంచి చదును నేల మీదికి దూకితే ఇరవై రెండు కిలోమీటర్ల వేగం అక్కడికక్కడే ఆగాలి. మోకాళ్లు ఎంత మడిచినా అడుగు, అడుగున్నరలో ఆగిపోవాలి, మడవకపోతే రెండు మూడు అంగుళాల్లోనే. నిటారు గోడ మీదికి దిగేవాడి వేగం ఆగదు, దారి మళ్లుతుంది. గోడ కిందికే ఉంది, అతనూ కిందికే పోతున్నాడు. పదడుగుల వ్యాసార్థమున్న వంపైతే మొదట్లో తన బరువుకు కాస్త ఎక్కువ ఒత్తిడి పడుతుంది, అది మెల్లగా పెరిగి అడుగుకు చేరేసరికి నాలుగింతలవుతుంది. అప్పటికి కాళ్లు సిద్ధంగా ఉంటాయి. పడటాన్ని జారుడుగా మార్చే ఏర్పాటు ఇది. అందుకే ర్యాంపును సర్కస్ వేదికగా కాక ఒక యంత్రంగా చూడాలంటాను.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. స్కేట్‌బోర్డు 1950ల నుంచే కాలిఫోర్నియాలో ఉంది, కానీ చాలాకాలం అది రోడ్డు మీద పోయే ఆటే. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే యువకుడు పాలీయురెథేన్ చక్రాలను తెచ్చాడు; అంతకు ముందున్న గట్టి మట్టి చక్రాలు గోడ మీద పట్టు నిలిపేవి కావు. తరువాత 1976, 77లలో కాలిఫోర్నియాలో కరువు వచ్చి ఇళ్ల వెనుక ఈత కొలనులు ఎండిపోయాయి. ఆ కొలనుల గోడలు అడుగున గుండ్రంగా వంగి ఉంటాయి. సముద్రంలో అలల మీద పలక నడపడం అలవాటున్న కుర్రాళ్లు ఆ ఎండిన కొలనుల్లో దిగారు. 1977 ప్రాంతంలో వాళ్లలో ఒకడైన టోనీ ఆల్వా అంచు దాటి గాలిలోకి లేచి పలకను చేత్తో పట్టుకుని దిగాడు. 1978లో ఫ్లోరిడాలో అలన్ గెల్ఫాండ్ అనే కుర్రాడు చేత్తో పట్టుకోకుండానే లేచాడు. అతని ముద్దుపేరు ఓలీ. ఆ విన్యాసానికి అదే పేరు నిలిచింది. ఇందులో ఏ సంస్థా లేదు, శిక్షకుడూ లేడు. కొత్త చక్రం, ఒక వంపు దొరికాయి. మిగిలింది పిల్లలు చేసుకున్నారు. కరువులు మనకూ వచ్చాయి. కరీంనగర్ జిల్లాలో ఎన్నెన్ని బావులు ఎండలేదు! కానీ మన బావి ఒడ్డు నిటారుగా పోయి అడుగున బండను తాకుతుంది. దానికి వంపు లేదు. మన కరువు మనకు ఏ ఆటా ఇవ్వలేదు.

వయసుల లెక్క చూస్తే ఈ వాదన ఇంకా గట్టిపడుతుంది. గాలిలో రెండున్నర చుట్లు తిరిగే విన్యాసాన్ని, అంటే తొమ్మిది వందల డిగ్రీల తిరుగుడును, టోనీ హాక్ అనే ఆటగాడు 1999 జూన్ 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎక్స్ గేమ్స్ పోటీల్లో పదేపదే పడుతూ లేస్తూ చివరకు సాధించాడు. అప్పటికి అతనికి ముప్పై ఒకటేళ్లు, దాని కోసం ఏళ్ల తరబడి ప్రయత్నించాడు. పాతికేళ్లకు, 2024లో, ఆస్ట్రేలియాకు చెందిన అరీసా ట్రూ అనే పద్నాలుగేళ్ల అమ్మాయి అదే విన్యాసం చేసింది. ఆడవాళ్లలో ఆమే మొదటిది. అదే ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో పార్క్ అనే, వంపు గోడల మైదానపు విభాగంలో బంగారు పతకం తెచ్చుకుంది. అంతకు ముందు టోక్యోలో ఇదే విభాగంలో రజతం గెలిచిన కొకోనా హిరాకికి పన్నెండేళ్లు, కాంస్యం గెలిచిన స్కై బ్రౌన్‌కు పదమూడు. ఈ పాతికేళ్లలో మనుషుల గుండెలు గట్టిపడలేదు. ర్యాంపులు మెరుగయ్యాయి, దొరికే చోట్లు పెరిగాయి, పడినా దెబ్బ తగలని స్పాంజి గుంతల్లో మొదట నేర్చుకునే పద్ధతి వచ్చింది. కండబలమే ఈ ఆటకు మూలమైతే పన్నెండేళ్ల పిల్లలు ఆ పీఠం మీద నిలబడేవారు కాదు.

అదంతా బయటి దేశాల సంగతి కదా అనవచ్చు. మధ్యప్రదేశ్‌లో పన్నా జిల్లాలో జన్వార్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ ఆదివాసులు, యాదవులు ఉంటారు. 2015లో జర్మనీకి చెందిన ఉల్రికె రైన్‌హార్డ్ అక్కడ కాంక్రీటుతో స్కేట్ పార్కు కట్టించారు. అక్కడ పెట్టిన నియమాలు రెండే: బడికి పోకపోతే పలక లేదు, వరుసలో ఆడపిల్లలదే ముందు. ఆ పల్లె పిల్లల్లో ఆశా గోండ్ అనే అమ్మాయి 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు భారతదేశం తరఫున పోయింది. ఆమె ఇంటిపేరు వినగానే ఆదిలాబాద్ శ్రోతలకు ఏం స్ఫురిస్తుందో చెప్పనక్కర లేదు. ఇంద్రవెల్లి, ఉట్నూరు, జైనూరు మండలాల్లోని గోండు గూడేలకూ ఆ పల్లెకూ మధ్య దూరమున్నది గాని, పిల్లల్లో తేడా లేదు. రాజస్థాన్‌లో ఖేంపూర్ అనే ఊళ్లో ఒక సినిమా చిత్రీకరణ కోసం పార్కు కట్టి, సినిమా పూర్తయ్యాక దాన్ని ఊరి పిల్లలకే వదిలేశారు. బెంగళూరులో హోలీస్టోక్డ్ అనే బృందం కుర్రాళ్లు తమ చేతులతోనే పార్కులు కట్టడం నేర్చుకున్నారు. మన రాష్ట్రంలో హైదరాబాద్‌లో వాల్‌రైడ్ పార్క్ ఉంది. ఎక్కడ వంపు కట్టారో అక్కడ ఆటగాళ్లు పుట్టారు. వంపు కట్టినా పిల్లలు రాలేదన్న ఊరి పేరు నేనింతవరకు వినలేదు.

మన పిల్లలకు గాలి కొత్త కాదన్నది నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్న మాట. ఉత్తర తెలంగాణలో ఈత నేర్చుకున్నది కొలనుల్లో కాదు, వ్యవసాయ బాయిల్లో. నడుముకు బెండ్లు కట్టుకుని దిగిన పిల్లగాడు ఒకటి రెండు ఎండాకాలాలకు ఒడ్డు మీంచి దుంకేవాడు, ఆ తరువాత మోట దరి మీంచి పల్టీ కొట్టి దుంకేవాడు. ఆ పల్టీలో ఇందాక చెప్పుకున్న సూత్రాలన్నీ ఉన్నాయి: ఒడ్డు వదలకముందే తిరుగుడు మొదలుపెట్టడం, మధ్యలో ముడుచుకోవడం, నీళ్లు కనిపించగానే ఒళ్లు చాపడం. ఊరూరా తిరుగుతూ గడ ఎక్కి, తాడు మీద నడిచి, ఆ ఎత్తు మీంచి పల్టీలు కొట్టిన కుటుంబాలు మన దగ్గర తరతరాలుగా ఉన్నాయి. వాళ్ల విద్యకు మనం చిల్లర డబ్బులిచ్చాం గాని మైదానం ఇవ్వలేదు. బాయిలు పూడిపోయి బోర్లు వచ్చాయి, గడలు మూలపడ్డాయి. గాలిలో ఒంటిని ఎరిగి మసలుకునే ఆ నేర్పు ఒక తరంలో కనుమరుగవుతున్నది. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ప్రాంతీయ క్రీడా పాఠశాలలు ఉన్నాయి. వాటిలో జిమ్నాస్టిక్స్ వంటి విద్యలకు చోటుంది. కానీ ఎంపికై అక్కడికి చేరేది కొద్దిమంది. మిగిలిన వేలమందికి సాయంత్రం పూట ఎగరడానికి ఊళ్లో ఒక చోటు కావాలి.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది ప్రమాదం, అదే అన్నిటికన్నా బరువైనది. దాన్ని తేలిక చేసి మాట్లాడటం అన్యాయం. ఇందాక చెప్పిన స్కై బ్రౌనే 2020లో సాధనలో పడి పుర్రె ఎముక చిట్లించుకుంది, ఎడమ చేయి విరగ్గొట్టుకుంది. హెల్మెట్ లేకపోతే ఆ పిల్ల మనకు దక్కేది కాదు. కాబట్టి ఎముకలు విరుగుతాయన్న తల్లిదండ్రుల భయం ఊహ కాదు. అయితే ఆ భయం నిషేధానికి దారితీయాలా, పద్ధతికి దారితీయాలా? పద్ధతి ఉంది. ర్యాంపు మీద మొదట నేర్పేది ఎగరడం కాదు, పడటం: మోకాళ్లకు గట్టి ప్లాస్టిక్ చిప్పలున్న కవచాలు తొడుక్కుని, పలక తప్పిపోగానే మోకాళ్ల మీద కూర్చుని వంపు వెంట జారిపోవడం. అది ఒంటికి పట్టాకే మిగతావి. పోటీల్లో పద్దెనిమిదేళ్ల లోపు వారికి హెల్మెట్ తప్పనిసరి. మన ఊరి ర్యాంపు మీద వయసుతో పని లేకుండా అందరికీ తప్పనిసరి చేయాలి. ఇంకో సంగతి కూడా తూకంలో వేయాలి. ఎగరాలన్న కోరికను నిషేధంతో ఆపలేం. చోటు లేని కుర్రాళ్లు నడి రోడ్డు మీద మోటార్‌సైకిల్ ముందు చక్రం లేపుతున్నారు, నీళ్లు నిండిన పాత క్వారీ గుంతల్లోకి బండల మీంచి దూకుతున్నారు. అక్కడ వంపు లేదు, హెల్మెట్ లేదు, పక్కన పెద్దవాళ్లు లేరు.

రెండో అభ్యంతరం ప్రాధాన్యాలది. బడుల్లో మరుగుదొడ్లు సరిగ్గా లేనప్పుడు, కబడ్డీకి మంచి మైదానం లేనప్పుడు ఈ విదేశీ ఆట దేనికని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. మరుగుదొడ్డి డబ్బుతో ర్యాంపు కట్టమని ఎవరూ అనకూడదు, నేనూ అనను. కానీ పట్టణాల్లో పార్కులకు, కూడళ్లలో విగ్రహాలకు, ఫౌంటెన్లకు, రంగు దీపాలకు డబ్బు ఖర్చవుతూనే ఉంది. నేనడిగేది ఆ పద్దులోంచి. పరాయి ఆట అన్న మాటకు వస్తే, క్రికెట్, వాలీబాల్ మన గడ్డ మీద పుట్టినవి కావు. సింగరేణి కార్మికవాడల్లో వాలీబాల్ కోర్టును పరాయిదని ఎవరూ అనరు. డబ్బున్నవాళ్ల ఆట అన్నమాట కొంతవరకు నిజం, ఎందుకంటే మంచి పలక కొన్ని వేల రూపాయలవుతుంది. అది ఇంటింటికీ కొనాలంటే భారమే. పలకలు, హెల్మెట్లు పార్కులోనే ఉంచి వంతులవారీగా ఇస్తే ఆ భారం ఊరంతా పంచుకున్నట్టవుతుంది. ర్యాంపు ఒకసారి కడితే క్రికెట్ పిచ్‌లా రోజూ నీళ్లు, రోలరు అడగదు. ఇక్కడ ఒలింపిక్ పతకాల ఆశ చూపించి ఒప్పించే ప్రయత్నం నేను చేయను. 2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లో ఈ ఆటకు చోటు దొరికింది, మంచిదే. కానీ పతకం కోసం కట్టినది పతకం రాకపోతే పాడుబడుతుంది. పిల్లల సాయంత్రాల కోసం కట్టాలి.

కట్టే శక్తి మనకు లేదనుకోవద్దు. బసంత్‌నగర్, దేవాపూర్, మంచిర్యాలల పేర్లే సిమెంటును గుర్తు చేస్తాయి. దుబాయిలో ఎత్తైన భవనాలకు సెంట్రింగ్ కట్టి, కాంక్రీటు పోసి తిరిగొచ్చిన మేస్త్రీలు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో ఊరూరా ఉన్నారు. లక్ష్మీపూర్ దగ్గర భూగర్భాన్ని తొలిచి పంపుహౌస్ కట్టిన నేల ఇది. నాలుగడుగుల వంపు గోడ దీనికి లెక్క కాదు. అయితే ఒక హెచ్చరిక చేయాలి. ర్యాంపును కంటి అంచనాతో కట్టకూడదు. వంపు ఒకే వ్యాసార్థంలో అడుగు నుంచి అంచు దాకా సాగాలి; మధ్యలో ఒక చోట చదునైనా, ఒక చోట గతుకు వచ్చినా మోకాళ్లు మోసుకొచ్చిన లయ అక్కడే చెదిరిపోతుంది. అంచున బిగించే ఇనుప పైపు గోడ నుంచి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ముందుకు రావాలి, ఎక్కువైతే చక్రం తట్టుకుని మనిషిని బోర్లా పడేస్తుంది. నున్నదనంలో రాజీ పడకూడదు. టెండరులో తక్కువ ధర పాడినవారికి అప్పగించి, వర్షాకాలం తరువాత పగుళ్లిచ్చే ర్యాంపు కట్టడం కన్నా కట్టకపోవడమే పిల్లలకు మేలు. ఇది వరకు కట్టినవాళ్లను పిలిచి, పక్కన మన మేస్త్రీలను నిలబెట్టి మొదటిది కట్టించాలి. రెండోది మనవాళ్లే కడతారు.

మొదటిది చిన్నదై ఉండాలి. నిటారు గోడల పెద్ద ర్యాంపు ఎప్పుడో ఒకరోజు రావచ్చు. ఇప్పటికి మూడు నాలుగు అడుగుల ఎత్తున్న చిన్న ర్యాంపు చాలు, దాని మీద అంచు పైన జానెడు లేచినా అది ఎగరడమే, మొదటిసారి ఎగిరిన పిల్లకు ఆ జానెడే ఆకాశం. ఎండాకాలం నలభై అయిదు డిగ్రీల ఎండలో మన కాంక్రీటు మీద చెయ్యి పెట్టలేం కనుక పైన రేకుల నీడ ఉండాలి, ఆట పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు తరువాత. కరీంనగర్‌లో అంబేద్కర్ స్టేడియం పరిసరాల్లో ఒకటి, ఆశ్రమ పాఠశాలల పిల్లలకు నడిచిపోయే దూరంలో ఉట్నూరులో ఒకటి, ఇలా రెండింటితో మొదలుపెట్టమంటాను. రోజూ రెండుసార్లు చీపురు పట్టే మనిషి జీతాన్ని కట్టుబడి అంచనాలోనే రాయించాలి. స్కేట్‌బోర్డు చక్రం రెండంగుళాల పైచిలుకు ఉంటుంది. గ్రానైట్ లారీలు తిరిగే ఊళ్లో గాలికి కొట్టుకొచ్చిన శనగగింజంత రాయి దాన్ని పట్టి ఆపేస్తుంది, పలక ఆగుతుంది, మనిషి ఆగడు. వారంలో రెండు సాయంత్రాలు ఆడపిల్లలకు మాత్రమే అని గేటు మీద రాసిపెట్టాలి, ఎందుకంటే గేటు ఊరికే తెరిచి ఉంచితే మొదటి వారంలోనే చోటంతా మగపిల్లలది అయిపోతుంది. జన్వార్‌లో వరుసలో ఆడపిల్లలదే ముందు అన్న నియమం కూడా ఇలాంటిదే. ఆ గేటు తాళంచెవి ఏ కార్యాలయం బీరువాలోకీ పోకుండా, సాయంత్రం అయిదింటికి అక్కడ నిలబడి ఉండే మనిషి దగ్గరే ఉండేలా పట్టణ పాలకవర్గం తీర్మానం చేయాలి.